పిలుపందుకొనుటకు సుంకమేల?

గడచిన వర్షాకాలమున ఒకనాడు మధ్యాహ్నవేళ మా పాఠశాలలో ఆరవ తరగతి బాలునికి తీవ్రమైన జ్వరము వచ్చెను. కార్యాలయమువారు ప్రవేశపు రిజిస్టరు తెరచి తండ్రి సంఖ్యకు ఫోను చేసిరి. ఆ సంఖ్యకు పిలుపులు వచ్చు సౌకర్యము ప్రస్తుతము లేదని యంత్రము పలికెను. తల్లి సంఖ్యయు నట్లే పలికెను. సాయంకాలము నాలుగున్నరకు ఆ తల్లి తనంతట తాను వచ్చువరకు బాలుడు బెంచీమీద పడుకొనియే యుండెను. ఇంత అజాగ్రత్త యేమని మేము ఆమెను మందలింపబోయితిమి. “ఫోను నా దగ్గర్నే ఉంది సారు. రీచార్జి అయిపోయి పది దినాలైంది. శనివారం పైసలొస్తె ఏయిస్త” అని యామె చెప్పెను. మేము మరి మాటాడలేదు.

ఫోను చేతనున్నను పిలుపు రాకుండుట పూర్వమునుండియు నున్న ఆచారము కాదు. 1995లో సెల్‌ఫోను మన దేశమునకు వచ్చినప్పుడు పిలిచినవాడును చెల్లించెను, పిలువబడినవాడును చెల్లించెను. 2003 మే నెలనుండి పిలిచినవాడే చెల్లించు పద్ధతి వచ్చెను. ఆ పదునైదేండ్లలోనే కూలివాని జేబులోనికిని ఫోను వచ్చెను. పిమ్మట 2018 చివరను, వచ్చు పిలుపు నిలువవలెనన్నను 28 దినములకు 35 రూపాయలు కట్టవలెనని పెద్ద కంపెనీలు నియమము పెట్టెను. 2024 జులైలో ఎయిర్‌టెల్‌వారి 28 దినముల రీచార్జి, కొంత ఇంటర్నెట్టుతో కలిపి, 199 రూపాయలాయెను. ఇరువదియెనిమిది దినముల నెల యను విచిత్రమైన పంచాంగమువలన సంవత్సరమునకు పండ్రెండు మారులు గాక పదుమూడు మారులు చెల్లింపవలసి వచ్చుచున్నది. పదుమూడు పర్యాయములకు 2587 రూపాయలు.

ఇంతకంటె చవుకయైన మార్గము లేదా? కలదు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయి, ఇంటర్నెట్టు అక్కరలేనివారికై మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు రీచార్జిని కంపెనీలు విక్రయించి తీరవలెననియు, దాని గడువు 365 దినములవరకు నుండవచ్చుననియు నిర్ణయించెను. 2025 జనవరిలో ఎయిర్‌టెల్‌వారు 84 దినములకు 469 రూపాయలనియు, సంవత్సరమునకు 1849 రూపాయలనియు ప్రకటించిరి. జియోవారి ధర 84 దినములకు 448. ఈ ధరలు మారుచుండును గాని లెక్క యొక్క స్వభావము మారదు. సంవత్సరపు రీచార్జి దినమునకు అయిదు రూపాయలు పడును, నెలవారీది ఏడు పడును. అయిదు రూపాయలది 1849 ఒక్కమారుగా తీయగలవానికి దొరకును. ఆ తల్లివంటివారికి ఏడు రూపాయలదే గతి. బీదవాడు ఎక్కువ ధరకు కొనుట బియ్యములోను చూచితిమి, నూనెలోను చూచితిమి. ఇప్పుడు బిడ్డ జ్వరవార్త వినుటలోను చూచుచున్నాము.

సంఖ్య మాత్రము పోకుండ నిలుపుకొనుట సులభము. తొంబది దినములు వాడకపోయినను ఖాతాలో ఇరువది రూపాయలున్న యెడల, అవి తీసికొని మరి ముప్పది దినములు సిమ్మును సజీవముగా నుంచవలెనని నియమము కలదు. ఇది సంఖ్యను కాపాడునే గాని పిలుపును తెచ్చి ఇయ్యదు. అయినను దీనిని అలక్ష్యము చేయరాదు. మృతమైన సంఖ్య కొంతకాలమునకు మరియొకరికి పోవును. అప్పుడు మన పిల్లవాని మార్కులు ముక్కుమొగము తెలియనివారికి చేరును.

మిస్డ్ కాల్ అను ఉపాయమును మన జనులు అపూర్వముగా వాడుకొనిరి. పూర్వము తపాలా బిళ్ల అంటింపక బేరంగు ఉత్తరము వేసి, పై గుర్తుచేతనే క్షేమము తెలిపి, ఉత్తరము పుచ్చుకొనకయే తిప్పి పంపెడివారని పెద్దలు చెప్పుదురు. దాని మనుమడే ఈ మిస్డ్ కాల్. రీచార్జి లేనిదే మ్రోగించుటకును వీలులేని నేడు ఆ మనుమడును వృద్ధుడైనాడు. వైఫై యున్నచోట రీచార్జి లేకున్నను వాట్సాపు పలుకును, నిజమే. కాని సికింద్రాబాదువంటి రైల్వే స్టేషనులో దొరకు ఉచిత వైఫైలో ప్రవేశింపవలెనన్న ముందుగా ఫోనునకు ఓటీపీ రావలెను! దాహము గొన్నవానిని నీళ్లు తెచ్చుకొని బావి యొద్దకు రమ్మన్నట్లున్నది.

ఇక మా మనవి. ఇరువది ముప్పది యేండ్లక్రిందట ఇంట ఫోను లేనివారు పెండ్లి శుభలేఖలమీద ప్రక్కింటివారి సంఖ్యనో కిరాణా దుకాణపు సంఖ్యనో వ్రాసి, దాని ప్రక్కను “పి.పి.” అని చేర్చెడివారు. పిలుపు రాగానే దుకాణదారు వీధిలోనికి వచ్చి కేకవేయును. ఆ పద్ధతిలో సిగ్గుపడవలసినది యేమియు లేకుండెను. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు నడచిన కాలమున హమాలీ తండ్రికి కబురు చేయవలెనన్న ఒక పెద్ద పిల్లవానిని పంపిన చాలును. 2021లో మార్కెట్టు విజయవాడ మార్గమున బాటసింగారమునకు పోయెను. కేక వినబడు దూరము పోయినది. కాబట్టి ఇంటికడ నుండువారి సంఖ్య మరింత యవసరమైనది.

మా ప్రవేశ పత్రములో “వాట్సాపు సంఖ్య” యను గడి కలదు, పి.పి. గడి లేదు. దానిని చేర్చవలెను. ప్రతి మూడు నెలలకు ఒకమారు తరగతి ఉపాధ్యాయుడు ఆ సంఖ్యలకు నిజముగా ఫోను చేసి చూడవలెను. తల్లిదండ్రుల సమావేశపు కబురు గ్రూపులో వేసి చేతులు దులుపుకొనక, ఫోను పలుకని యిండ్లకు ఏబది పైసల పోస్టుకార్డు వ్రాయవలెను. వారము ముందుగా వ్రాసిన అది చక్కగా చేరును. మరియొకటి, ఉపాధ్యాయులము తలకొక కొంత వేసికొని చిన్న నిధి కూర్చవచ్చును. 84 దినములనగా సరిగా పండ్రెండు వారములు. 469 రూపాయలు నిధినుండి కట్టి, వారమునకు నలుబది రూపాయలకు లోపుగా తిరిగి పుచ్చుకొనవచ్చును. ఇది ధర్మము కాదు, అప్పు. వడ్డీ మాత్రము వలదు. కొందరు ఎగవేయుదురని మాలో నొకరు అనిరి. ఎగవేయవచ్చును; ఆ నష్టము మాకు భరింపదగినదిగానే తోచుచున్నది. వచ్చు పిలుపునకు సుంకము తీసివేయుట ప్రభుత్వము చేయవలసిన పని, అది మేము అడుగుచునే యుందుము. అది జరుగువరకు నిధి ఆగనక్కరలేదు.

ఆ బాలుని తల్లి మరునాడు వచ్చి, తమ గల్లీలోని ఇస్త్రీ బండి యాయన సంఖ్యను ఒక కాగితపు ముక్కమీద వ్రాయించి తెచ్చి ఇచ్చినది. దానిని రిజిస్టరులో ఏ గడిలో వ్రాయవలెనో తెలియక, గుమాస్తా దానిని పేజీకి గుండుసూదితో గ్రుచ్చి యుంచెను.