ఓర్పు వేరు, లొంగుబాటు వేరు

"ఓర్చుకో అమ్మా, విశ్వాసికి శ్రమలు తప్పవు. పైన ప్రతిఫలం ఉంది." మన పల్లెల్లో ఆదివారం ఆరాధన అయ్యాక ఈ మాట వినని తల్లి ఉండదు. మొగుడు చచ్చిపోయి ఏడ్చే ఆవిడకీ ఇదే మాట. ఆసామి కూలి డబ్బులు ఎగ్గొడితే ఏడ్చే ఆవిడకీ ఇదే మాట. జబ్బుతో మంచాన పడ్డవాడికీ ఇదే, కులం పేరెత్తి తిట్టించుకున్నవాడికీ ఇదే. అన్ని రోగాలకూ ఒకటే మాత్ర!

అక్కలారా, అన్నలారా! మన విశ్వాసానికి దెబ్బ తగిలేది ఇక్కడే.

మనమీదికొచ్చే శ్రమలు రెండు రకాలు. చావు, ముసలితనం, రోగం, కరువు ఎవరికైనా వచ్చేవి. వీటికి ఓర్పు కావాలి. రాత్రిపూట నలుగురూ చేరి చేసే కుటుంబ ప్రార్థన, పక్కింటోళ్లు తెచ్చిపెట్టే ముద్ద అన్నం, చెయ్యి పట్టుకుని పాడే పాట మనిషిని నిలబెడతాయి. ఆ బలాన్ని చులకన చేసేవాళ్లకి పల్లె బతుకు తెలీదని నేనంటాను. రెండో రకం శ్రమలు మనుషులు తెచ్చిపెట్టేవి. ఎగ్గొట్టిన కూలి, ఆక్రమించిన శ్మశానం, బడిలో పిల్లోడి చేతికిచ్చిన చీపురు. వీటిని దేవుడు పంపలేదు. పంపినవాడు పక్క వీధిలోనే ఉన్నాడు. మొదటి దానికిచ్చే ఓర్పు రెండో దానికిస్తే దాని పేరు లొంగుబాటు.

మన తాతముత్తాతలకి ఈ తేడా బాగా తెలుసు. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య వెనక ఊళ్లకి ఊళ్లు కదిలాయి. ఆ కొత్త విశ్వాసులు పెట్టుకున్న నియమాలు మూడే. ఆదివారం పనికి పోము, చచ్చిన గొడ్డు మాంసం తినము, విగ్రహాలకి మొక్కము. ఊరి జాతరలో డప్పు కొట్టమన్నా కొట్టలేదు. చూడ్డానికి చిన్న నియమాలే. కానీ వెట్టి మనిషి "ఈ రోజు రాను" అనడం ఎంత పెద్ద మాటో పెద్దకులాలకి వెంటనే అర్థమైంది. కరణాలు, మునసబులు కట్టుబాటు చేశారు. బావి నీళ్లు బంద్, పని బంద్, బజారు బంద్. అయినా వాళ్లు నిలబడ్డారు. ప్రార్థన వాళ్లకి కాదనే ధైర్యాన్నిచ్చింది.

బియ్యం కోసం మతం మారారని ఇప్పటికీ మనల్ని ఎగతాళి చేస్తారు. వాళ్లకి ఈ లెక్క చెప్పండి. 1876-78 కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. సాయం పంచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అది ఆగాకే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గింజలు అయిపోయాక కూడా వచ్చినవాళ్లు గింజల కోసం వచ్చినట్టా?

బైబిలు మాత్రం ఏం చెబుతోంది? ఫిలిప్పీ చెరసాల కథ అందరికీ తెలుసు. పౌలు, సీల దెబ్బలు తిని, కాళ్లకి బొండ వేయించుకుని, అర్ధరాత్రి పాటలు పాడారు. మన ప్రసంగాల్లో కథ చాలాసార్లు ఆ పాటల దగ్గర, భూకంపం దగ్గర ఆగిపోతుంది. తెల్లారాక ఏం జరిగింది? ఇక వెళ్లిపొమ్మని అధికారులు కబురు పంపితే పౌలు కదల్లేదు. విచారణ లేకుండా అందరి ముందూ కొట్టినవాళ్లు తమని గుట్టుగా పంపడం కుదరదనీ, తాము రోమా పౌరులమనీ, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలనీ పట్టుబట్టాడు. వాళ్లు భయపడి వచ్చి బతిమాలారు. రాత్రి పాట, పొద్దున హక్కు. రెండూ ఒక్క మనిషి చేసినవే. విసుక్కోకుండా ప్రార్థించడం ఎట్లాగో చెప్పడానికి యేసు ఎంచుకున్న మనిషి కూడా న్యాయం కోసం జడ్జి గుమ్మం వదలని ఒక విధవరాలు. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే మన తల్లులకి ఆ కథ కొత్తగా చెప్పాలా?

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపితే మిగిలినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడి శిబిరం ఉద్యమం అయ్యింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికారు. చనిపోయినవాళ్లని ఊరి నడుమ పూడ్చి, ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. పట్టుబట్టి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007లో తీర్పు వచ్చేదాకా 16 ఏళ్లు సాక్షులు బెదిరింపులకి, బేరాలకి లొంగలేదు. 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. న్యాయం ఓడింది గానీ ఆ సాక్షులు ఓడలేదు. ఆత్మబలం అంటే ఏమిటని ఎవరన్నా అడిగితే ఆ 16 ఏళ్లు చూపించండి.

ఇక మనల్ని లోపల్లోపల తినేసే శోధన ఇంకొకటుంది. ప్రభువు బల్ల దగ్గర ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని కలపలేదు. క్రైస్తవుడని రాయిస్తే బీసీ-సి కింద ఒక్క శాతంలో పడతావు. ఆ షరతు తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. చర్చికి పోయినంత మాత్రాన తిట్టేవాడు కులం మర్చిపోతాడా? పిల్లోడి చదువు కోసం రెండు పేర్లతో బతికే తల్లి ప్రార్థన చేసినప్పుడల్లా తను దొంగనేమో అనుకుంటుంది. అమ్మా, దొంగవి నువ్వు కాదు. నీ దేవుణ్ణి దాచుకోమన్న ఉత్తర్వుదే తప్పు.

అయితే బయటోళ్లని అడిగే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. సమాధుల దొడ్లో కూడా గోడ. మతం మారినవాళ్ల కులబాధ మీద మిషన్లు పోరాడలేదని బాబాసాహెబ్ అంబేడ్కర్ విమర్శించాడు. ఆ విమర్శకి మనం ఇంకా జవాబు బాకీ ఉన్నాం. ఒక్క రొట్టె విరుచుకోలేనివాళ్లు ఒక్కటై కొట్లాడలేరు.

కాబట్టి చెయ్యాల్సింది చెబుతాను. సాక్ష్యం చెప్పే వేళ జబ్బు తగ్గిన సంగతితోపాటు కూలి ఎగ్గొట్టిన సంగతీ చెప్పండి. ప్రార్థన అయ్యాక బాధితురాలితో ముగ్గురు లేచి స్టేషన్ దాకా నడవండి. ఫిర్యాదు కాయితం కాపీ ఒకటి సంఘం దగ్గర ఉంచండి. సండే స్కూల్లో పిల్లలకి మోషే కథ పక్కన పేరయ్య కథ, అంబేడ్కర్ కథ చెప్పండి. పాస్టరుగారు ఓర్చుకోమంటే ఏ శ్రమని ఓర్చుకోవాలో మర్యాదగా అడగండి. ప్రధాన యాజకుడి ముందు బంట్రోతు చెంప మీద కొడితే ఎందుకు కొట్టావని అడిగినవాడే మన ప్రభువు. ఆయన అడిగాడు, మనమూ అడుగుదాం.

మోకాళ్లు దేవుడి ముందు వంచుదాం. ఆసామి ముందు కాదు.

జై భీం!