కాగితం ఉన్న ఆయా, కాగితం లేని ఆయా



పోయిన నెల ఈ పేజీలో పి.ఎఫ్. పింఛను సంగతి రాశాను. అది చదివి వ్యాసర్పాడి నించి ఒక అక్క, ఓటేరి నించి ఒక తమ్ముడు నన్ను కలిశారు. అక్క ఇంట్లో పెద్దాయన మంచాన పడ్డారు. పగలూ రాత్రీ ఇంట్లోనే ఉండి చూసుకునే ఆయా కావాలి. "ఏజెన్సీలో అడగమంటావా అన్నా, తెలిసినవాళ్ళ ద్వారా ఎవరినైనా పెట్టుకోమంటావా?" అని ఆమె ప్రశ్న. తమ్ముడిది అటువైపు ప్రశ్న. వాళ్ళావిడ ఆయా పనికి పోతానంటోంది. ఏజెన్సీలో చేరాలా, నేరుగా ఒక ఇంట్లో ఒప్పుకోవాలా అని.

చూశారా, ఆయా కావాలనే ఇల్లూ మనదే, ఆయాగా పోయే ఇల్లూ మనదే. బి అండ్ సి మిల్లు 1996లో మూతపడ్డాక మా వీధిలోనే ఎంతమంది ఆడవాళ్ళు అణ్ణానగర్‌కీ, కీళ్పాక్‌కీ ఇంటి పనికి బయల్దేరారో నాకు తెలుసు. ఇప్పుడు వాళ్ళ కూతుళ్ళు ఆయాలుగా పోతున్నారు. ఇటు మిల్లులో పని చేసిన మావాళ్ళు డెబ్బై, ఎనభై ఏళ్ళకి వచ్చి వాళ్ళకే మనిషి సాయం కావాల్సి వస్తోంది. అందుకని ఈ నెల రెండువైపులా కలిపి రాస్తున్నాను.

ముందు మా అక్క ఇంట్లో జరిగింది చెప్తాను. బావగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అక్కకి మోకాళ్ళ నొప్పులు, ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టలేదు. కొడుకు ఒక ఏజెన్సీకి పోయాడు. పెద్ద బోర్డు, ఏసీ గది, టై కట్టుకున్న మనిషి. నెలకి 24 వేలు, ముందుగా ఒక నెల డిపాజిట్. అమ్మాయి వచ్చింది, మంచి పిల్ల. ఆ పిల్ల చేతికి వచ్చేది 15 వేలేనని తరవాత తెలిసింది. మూడో వారం బావగారిని బాత్‌రూంకి తీసుకుపోతూ తడి నేల మీద జారింది. ఆయన పడకుండా పట్టుకుంది గానీ తన మణికట్టు విరిగింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "మేము మనిషిని చూపిస్తామంతే, ఆమె మా ఉద్యోగి కాదు" అన్నారు. సర్కారు ఆసుపత్రిలో కట్టు కట్టించి, ఊరికి పోవడానికి బస్సు ఖర్చు మా అక్కే ఇచ్చింది. పిల్లకి మూడు నెలలు పని లేదు. అక్కకి డిపాజిట్ తిరిగి రాలేదు. ఆ బోర్డు మాత్రం ఇప్పటికీ అక్కడే వెలుగుతోంది.

కాబట్టి ఏజెన్సీ అంటే కాగితం ఉన్నట్టు, తెలిసిన మనిషి అంటే కాగితం లేనట్టు అనుకోవద్దు. ఏజెన్సీలు రెండు రకాలు. ఒకటి, మనిషిని తన జీతంలో పెట్టుకుని మన ఇంటికి పంపేది. రెండోది, మనిషిని చూపించి కమీషన్ తీసుకునేది. బయట బోర్డు రెండిటికీ ఒకేలా ఉంటుంది.

తేడా కనిపెట్టడానికి మన మిల్లువాళ్ళకి ఒక తేలిక దారి ఉంది. మిల్లులో పర్మనెంటు మనిషికీ, గేటు కాడ నిలబడి పిలిస్తే పోయే మనిషికీ తేడా ఏముండేది? చేసే పని ఒకటే. వేలు నలిగిన రోజున తేడా తెలిసేది. ఇక్కడా అదే అడగండి. "ఈ అమ్మాయికి ఇ.ఎస్.ఐ. నంబరు ఉందా? చూపించండి." పది మంది, అంతకు పైన పనివాళ్ళున్న సంస్థకి, నెలకి 21 వేలు దాటని జీతానికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. నంబరు చూపిస్తే ఆ అమ్మాయికి ఏజెన్సీయే యజమాని. దెబ్బ తగిలితే చూసుకోవాల్సింది వాళ్ళు. నంబరు లేదు, మాట దాటేస్తున్నారంటే వాళ్ళు తరగరి పని చేస్తున్నారు. ఆ మాత్రానికి నెల నెలా కమీషన్ ఎందుకు కట్టాలి?

రెండో ప్రశ్న నర్సు గురించి. తెల్ల కోటు వేసుకున్న ప్రతి మనిషీ నర్సు కాదు. చదువుకున్న నర్సుకి తమిళనాడు నర్సుల, మంత్రసానుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఇన్సులిన్ కాక వేరే ఇంజెక్షన్లు, ముక్కులో గొట్టం మార్చడం, పెద్ద పుండుకి కట్టు మార్చడం లాంటివి ఆయా చేత చేయించకండి. చేస్తానని ఆమే ముందుకొచ్చినా వద్దనండి. రేపు ఏదైనా అయితే ఆ నింద ఆమె మీదే పడుతుంది, ప్రాణం మన పెద్దాయనది పోతుంది.

మరి చట్టం ఏమంటోంది? ఇంటి పనివాళ్ళకని దేశమంతటికీ విడిగా ఒక చట్టం లేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివాళ్ళ కోసం 189వ ఒప్పందం తెచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఒక కేసులో, వీళ్ళకి చట్టం తేవడం గురించి కమిటీ వేసి చూడమని కేంద్రానికి చెప్పింది. మన తమిళనాడులో కొంత నయం. ఇంటి పనివాళ్ళకి 2007లోనే సంక్షేమ బోర్డు పెట్టారు. నలవారియం అంటామే, అదే. 2018లో ఇంటి పనికి గంటకి 37 నించి 39 రూపాయల దాకా కనీస కూలి ప్రకటించారు. ఇంట్లో ఉండి రోగిని చూసుకునే నర్సు పనిని కూడా అందులో చేర్చారు. 37 లెక్కన చూసినా పన్నెండు గంటలకి 444 రూపాయలు అవుతుంది. "తిండి పెడుతున్నాం, పడుకోడానికి చోటిస్తున్నాం" అని నెలకి ఎనిమిది వేలకి రాత్రీ పగలూ పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.

ఇప్పుడు అక్క ప్రశ్నకి నా జవాబు. అక్కా, పెద్దాయనకి నర్సు చేయాల్సిన పని ఉంటే, ఆ పని మటుకు రిజిస్ట్రేషన్ ఉన్న నర్సు చేత చేయించు. ఆ గంటకి డబ్బు ఎక్కువైనా సరే. స్నానం, తిండి, పక్క మార్చడం, మాత్రలు గుర్తు చేయడం వీటికి తెలిసిన మనిషిని నేరుగా పెట్టుకో. కానీ కాగితం లేకుండా పెట్టుకోకు. ఒక తెల్ల కాగితం మీద ఇంత రాయండి చాలు. ఆమె పేరు, ఊరు, వయసు. చేయాల్సిన పనులు ఏవి, చేయకూడనివి ఏవి. జీతం ఎంత, ఏ తేదీన. రాత్రి ఎన్ని గంటలు నిద్ర. వారానికి ఏ రోజు సెలవు. దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది. మానేయాలన్నా మాన్పించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఇద్దరూ సంతకం పెట్టి తలా ఒక కాపీ ఉంచుకోండి. జీతం బ్యాంకులో వేయండి. పోలీసు స్టేషన్లో అడిగితే మనిషి వివరాలు విచారించే దారి చెప్తారు, తమిళనాడు పోలీసు వెబ్‌సైటులో కూడా ఫీజు కట్టి అడగొచ్చు. ఆధార్ జిరాక్స్ ఒక్కటి తీసుకుంటే విచారించినట్టు కాదు. విచారిస్తున్నామని ఆమెకి ముందే చెప్పండి. దొంగని చూసినట్టు చూస్తే ఏ మనిషీ మనసు పెట్టి పని చేయదు.

ఇంకొకటి. పగలూ రాత్రీ మనిషి నిజంగా కావాలా అని కూడా చూసుకో అక్కా. 2021 ఆగస్టు 5న మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకంలో బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు. ఫిజియోథెరపీ, మంచాన పడ్డవాళ్ళకి నొప్పి తగ్గించే వైద్యం కూడా ఇంటికొచ్చి చేస్తారు. అంతా ఉచితం. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించుకోండి. పెద్దవాళ్ళకి ఏ కష్టమొచ్చినా 14567కి ఫోన్ చేయొచ్చు. కన్నవాళ్ళ ఖర్చుకి పిల్లలు తలా ఒక చెయ్యి వేయకపోతే, 2007 చట్టం కింద ఆర్.డి.ఓ. దగ్గర అడిగే హక్కు కూడా పెద్దవాళ్ళకి ఉంది. ఒక్క కోడలి మీదే అంతా పడేయడం న్యాయం కాదు.

తమ్ముడూ, నీకు చెప్పేది ఇది. మీ ఆవిడకి 18 దాటి 60 లోపు కాబట్టి ముందు నలవారియంలో పేరు నమోదు చేయించు. కార్మిక శాఖ ఆఫీసులో గానీ ఆన్‌లైన్లో గానీ చేయొచ్చు. ప్రమాద సాయం, పిల్లల చదువు సాయం, 60 దాటాక పింఛను దాని వల్లే వస్తాయి. ఏజెన్సీలో చేరితే ఇ.ఎస్.ఐ. నంబరు అడగమను. ఒరిజినల్ ఆధారూ, సర్టిఫికెట్లూ ఎవరి చేతికీ ఇవ్వొద్దను. వేరే ఇంట్లో రాత్రిళ్ళు ఉండాల్సిన పని కాబట్టి, పడుకునే గదికి లోపలి గడియ ఉందో లేదో మొదటి రోజే చూసుకోమను. తన ఫోను తన దగ్గరే ఉండాలి. ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే 181కి ఫోన్ చేయొచ్చు. పనిచోట ఆడవాళ్ళ రక్షణకి 2013లో వచ్చిన చట్టం ఇంటి పనిమనిషికీ వర్తిస్తుంది, జిల్లాలో దానికని కమిటీ ఉంటుంది. ఈ మాట ఆమె తెలుసుకుని పోతే చాలు, సగం ధైర్యం.

"కాగితం అడిగితే పని ఇవ్వరన్నా" అన్నాడు తమ్ముడు. నిజమే, కొందరు ఇవ్వరు. 1918లో పెరంబూరులో మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టినప్పుడు కూడా మన పెద్దవాళ్ళతో ఇదే మాట అనుంటారు. అడిగేవాళ్ళు ఒక్కరైతే పని పోతుంది. వీధిలో ఆయా పనికి పోయే పది మందీ కలిసి ఒకే కాగితం పట్టుకుని పోతే, ఇచ్చేవాళ్ళే దారికొస్తారు. మనం ఆయాని పెట్టుకునే ఇల్లయితే, అడగకముందే ఆ కాగితం మనమే రాసిద్దాం. చందా కట్టి, కార్డు జేబులో పెట్టుకుని బతికిన కుటుంబాలు మనవి. మన ఇంట్లో పని చేసే మనిషికి కార్డు లేకుండా ఉంచితే ఎలా?

కాగితం ఎలా రాయాలో తెలియనివాళ్ళు నాకు చెప్పండి, కూర్చుని రాద్దాం. వచ్చే నెల నలవారియం ఫారం నింపడం గురించి రాస్తాను. ఉంటాను.