నీళ్ల కంటే ముందు కబురు రావాలి
(బుడమేరు ముంపు వీధుల ప్రజల ప్రణాళిక)

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున్నే లేచి చూస్తే గుమ్మంలో చీలమండ లోతు నీళ్లు. పాలు కాగేలోపు మోకాళ్లు దాటాయి. బియ్యం డ్రమ్ము మంచం మీదికి ఎక్కించాం. మంచమే తేలడం మొదలయ్యాక పిల్లల్నీ ముసలివాళ్లనీ పట్టుకుని డాబా ఎక్కాం. రేకుల ఇళ్లవాళ్లు పక్కింటి డాబా మెట్లెక్కారు, ఏ ఇంటివాళ్లూ కాదనలేదు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు.

మేము బెజవాడ ఉత్తరాన సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట వీధులవాళ్లం. ఆటో తోలేవాళ్లం, మిషను కుట్టేవాళ్లం, టిఫిన్ బండి పెట్టేవాళ్లం, నెల జీతగాళ్లం. మాలో అన్ని పార్టీలకూ ఓటేసినవాళ్లున్నారు. కోపం మాత్రం అందరిదీ ఒకటే. ఆ కోపం రెండు రోజులు అరిచి చల్లారిపోకూడదని దాన్ని కాగితం మీద పెడుతున్నాం.

వాన కురిసినందుకు మేము ఎవరినీ నిందించడం లేదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఈ బుడమేరు వాగును బెజవాడ దుఃఖదాయని అని ఊరికే అనలేదు. 2005లోనూ ఇళ్లు ముంచింది. దీని వరదను తిప్పడానికే వెలగలేరు దగ్గర రెగ్యులేటర్, అక్కణ్ణుంచి కృష్ణలోకి మళ్లింపు కాలువ ఉన్నాయి. కృష్ణ నిండుగా పారుతుంటే ఆ కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. 15 వేల క్యూసెక్కులు మోసే మళ్లింపు కాలువలోకి అంతకు రెట్టింపు పైగా వచ్చిపడింది. ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. వెలగలేరులో గేట్లు ఎత్తారు. నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ మా ఇళ్లకు వచ్చాయి.

గేట్లు ఎత్తక తప్పలేదని ఇంజనీర్లు చెబితే వాళ్లతో వాదించే చదువు మాకు లేదు. మేము అడిగేది ఒకటే. అక్కడ గేటు ఎత్తిన మనిషికీ ఇక్కడ ఇంట్లో నిద్రపోతున్న మనిషికీ మధ్య కొన్ని గంటల సమయం ఉంది. ఆ గంటల్లో కబురు ఎక్కడ ఆగిపోయింది?

వరద వస్తుందని ముందే తెలుసనీ, అన్ని లక్షల మందిని ఆ కాస్త సమయంలో తరలించడం అయ్యే పని కాదనీ ఆ రోజుల్లో ఒక ఉన్నతాధికారి బాహాటంగానే అన్నారు. మమ్మల్ని నీళ్ల కంటే ఎక్కువగా ముంచింది ఆ మాట. తరలించలేకపోతే పోనీ, చెప్పొచ్చు కదా! ఒక్క రెండు గంటల ముందు తెలిస్తే ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు, అమ్మ బీపీ మాత్రలు, నాలుగు బిందెల మంచినీళ్లు డాబా మీదికి చేరేవి. మంచం పట్టిన మనిషిని చీకట్లో మెడలోతు నీళ్లలో కాకుండా పొడి మెట్ల మీదుగా మోసుకెళ్లేవాళ్లం. బండ్లను ఫ్లైఓవర్ మీద పెట్టుకునేవాళ్లం. కబురు అందితే జనం తమను తాము సగం కాపాడుకుంటారు.

ఇది చేతగాని రాష్ట్రం కూడా కాదు మనది. 1977 దివిసీమ ఉప్పెనలో వేల ప్రాణాలు పోయాక, తుపాను కబురు తీరానికి ముందుగా చేర్చడం ఈ నేల నేర్చుకుంది. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకేలోపు లక్షల మందిని తరలించారు. పొరుగు రాష్ట్రంలో ఉన్న భద్రాచలంలో బడిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు: గోదావరి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ప్రకాశం బ్యారేజీకి కూడా 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 5.69 లక్షలకు రెండోది ఉన్నాయి. బుడమేరు ఎంతకు వస్తే మేము లేచి కదలాలో మా వీధుల్లో ఒక్కరికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఈ ప్రణాళికలో అన్నిటికంటే ముందు నిలిపే సూత్రం ఇది: ముంపు కబురు ప్రజల హక్కు. బుడమేరుకు ఒక అంకె కావాలి. ఆ అంకెను వీధి మొదట్లో స్తంభం మీద రంగుతో రాయాలి. వెలగలేరులో గేటు కదిలే ముందు ఇక్కడ సైరన్ మోగాలి. కరెంటు పోయినా మోగేదై ఉండాలి. సెల్‌ఫోన్‌కు ఒక మెసేజ్ పంపి చేతులు దులుపుకుంటే కుదరదు. చదవడం రాని అవ్వకూ, ఫోన్ లేని కూలీకీ చెవిన పడాలి. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, చెత్తబండి మైకు ఉన్నాయి, వాడండి. ఎన్ని గంటలకు ఏ అధికారికి తెలిసింది, ఎన్ని గంటలకు జనానికి చెప్పారు అన్నది ప్రతి వరద తర్వాతా బహిరంగంగా ప్రకటించాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ముందస్తు హెచ్చరికల ఏర్పాటును కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా సంస్థ మీద పెట్టింది. 2025లో ఆ చట్టాన్ని సవరించి, కార్పొరేషన్ ఉన్న నగరాలకు విడిగా విపత్తు సంస్థలు పెట్టుకునే వీలు కల్పించారు. బెజవాడకు అలాంటి సంస్థ పనిచేస్తూ ఉండాలి, అందులో ముంపు వార్డుల ఆడవాళ్లు కూర్చోవాలి.

సాయం గురించి. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం పెట్టి తిరిగారు, డ్రోన్లతో పొట్లాలు పంపారు, సైన్యం వచ్చి గండ్లు పూడ్చడంలో చెయ్యి కలిపింది, వినాయక చవితి నాటికి మూడోది పూడింది. ఇవన్నీ మేము కళ్లారా చూసినవే, కాదనం. మోకాలి లోతు బురద ఎత్తిన పారిశుధ్య కార్మికులకు మా వీధులు రుణపడి ఉన్నాయి. అయినా ఫ్లైఓవర్ దగ్గర దిగిన పులిహోర పొట్లాలు మెయిన్ రోడ్డు మీదే అయిపోయాయి. లోపలి సందులవాళ్లు డాబాల మీద నుంచి చీరలు ఊపారు. గొంతున్నవాడికీ దారి పక్కవాడికీ అందింది. అందుకే సాయం సందు చివరి నుంచి మొదలు కావాలి. చివరి ఇంటికి మొదటి పొట్లం, మొదటి పడవ, మొదటి నీళ్ల క్యాను. తిండి, నీళ్లు, గూడు, వైద్యం, పారిశుధ్యాలకు కనీస ప్రమాణాలు ఉండాలని విపత్తు నిర్వహణ చట్టమే 12వ సెక్షన్‌లో చెబుతోంది. చట్టం ఇమ్మన్నదాన్ని దానంలా ఇవ్వొద్దు, పొట్లం మీద ఎవరి బొమ్మా వద్దు.

నష్టపరిహారంగా కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తువాళ్లకు 10 వేలు ప్రకటించారు. ఇచ్చినదాన్ని తక్కువ చేయం. కానీ లెక్క రాయడానికి వచ్చినప్పుడు అద్దెవాళ్ల దగ్గర కాగితం లేదని కలం ఆగింది. మునిగింది వాళ్ల బీరువా, వాళ్ల మిషను, వాళ్ల ఫ్రిజ్. నివసించేవాళ్లకే పరిహారం, ఇల్లు ఎవరిదైనా సరే. ఆ జాబితాను వార్డులో గోడకు అంటించాలి. పేరు లేనివాళ్లు అందరి ముందూ అడగగలగాలి.

ఆక్రమణల మాటా చెప్పాలి. వాగును ఆక్రమించారు కాబట్టి మునిగారు అని మా ముఖం మీదే అన్నవాళ్లున్నారు. వాగుకు చోటు కావాలి, ఒప్పుకుంటాం. కానీ మాకు కరెంటు మీటరు ఇచ్చిందెవరు, ఏటా పన్ను కట్టించుకున్నదెవరు, లేఅవుట్లకు సంతకం పెట్టిందెవరు? కొలతలు వేస్తే గుడిసె నుంచి కాదు, పెద్ద కట్టడం నుంచి మొదలుపెట్టండి. పేదల ఇల్లు తీయాల్సి వస్తే ముందు మరో ఇల్లు ఈ నగరంలోనే చూపించి తీయండి.

కాపాడినవాళ్ల మాటా చెప్పాలి. అదే సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ప్రకాశ్‌నగర్ వంతెనను చుట్టేసింది. తొమ్మిది మంది దాని మీద చిక్కుకుపోయారు. హెలికాప్టర్ రాలేకపోయింది. చీకటి పడ్డాక ఒక సామాన్యుడు జేసీబీ నడుపుకుంటూ వెళ్లి వాళ్లను తెచ్చాడు. అతనికి చేతులెత్తి మొక్కుతాం. ఇక్కడ మా కుర్రాళ్లూ ట్రాక్టర్ ట్యూబుల మీద బాలింతల్ని దాటించారు. కానీ ఇలాంటివాళ్లను సన్మానించి ప్రభుత్వం తన పని అయిపోయిందనుకోవడానికి మేము ఒప్పుకోం.

మా వంతు పని మేమూ రాసుకుంటున్నాం. ప్రతి సందులో ముసలివాళ్లు, గర్భిణులు, కదలలేనివాళ్లు ఎవరో, ఏ డాబా మీదికి చేర్చాలో జాబితా తయారు చేస్తాం. ఏటా వానలకు ముందు దాన్ని సరిచూస్తాం. తాళ్లు, ట్యూబులు, టార్చిలైట్లు వీధి డబ్బుతో కొని ఒకచోట పెడతాం. కాలువలో చెత్త వేస్తే మా వాళ్లనైనా నిలదీస్తాం. ఓట్లడగడానికి వచ్చే ప్రతి ఒక్కరినీ, ఏ రంగు కండువా వేసుకున్నా, బుడమేరు అంకె ఎంత అని అడుగుతాం. చెప్పలేనివాళ్లతో మాకు మాటల్లేవు.

ముంపు వీధుల అన్నలకూ అక్కలకూ ఒక్క విన్నపం. చాలా ఇళ్లలో గోడ మీద ఆ నీళ్ల గీత ఇంకా ఉంది. సున్నం కొట్టించే ముందు నేల నుంచి దాని ఎత్తు కొలవండి. తేదీ వేసి, ఇంటి నంబరు వేసి, ఒక కాగితం మీద రాసి మాకు ఇవ్వండి.