బిడ్డ లోపల - తల్లి వరండాలో

తిరుమలగిరి: నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను, పుట్టగానే ఏడవని పిల్లలను, కామెర్లు ముదిరిన పిల్లలను ఆసుపత్రులలో ప్రత్యేక గదిలో వుంచి కాపాడుతున్నారు. మన పల్లెల్లో దీనినే 'బిడ్డను బాక్సులో పెట్టారు' అంటారు. ఒకప్పుడు కిలోన్నర బిడ్డ పుడితే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకునేవారు. నేడు అలాంటి బిడ్డలు ఎందరో బతికి బడికి పోతున్నారు. ఇందుకు వైద్యులను, నర్సులను ఎంత అభినందించినా తక్కువే. కాని ఆ గది తలుపు బయట కూర్చున్న బాలింతను గురించి ఆలోచించేవారు ఎందరు?

తిరుమలగిరి చుట్టుపక్కల గ్రామాలకు, తండాలకు ఒకవైపు సూర్యాపేట, మరొకవైపు జనగామ పెద్దాసుపత్రులే దిక్కు. పరిస్థితి విషమిస్తే వంద కిలోమీటర్లకు పైగా వున్న హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ పరుగులో తరచు బిడ్డ ఒక వూరు చేరుతుంది, తల్లి మరొక వూళ్ళో వుండిపోతుంది. ఆపరేషను అయిన తల్లిని కదిలించరాదని కాన్పు చేసినచోటే వుంచుతారు. బిడ్డను తండ్రి, నాయనమ్మ అంబులెన్సులో తీసుకుపోతారు. నాలుగైదు రోజులు కన్నతల్లికి బిడ్డ ముఖమే తెలియదు. ఫోనులో ఫోటో చూపిస్తే ముక్కుకు గొట్టం, చేతికి సూది, కళ్ళకు గంతలు కనిపిస్తాయి. కామెర్లకు పెట్టే నీలి వెలుతురు కళ్ళలో పడకుండా ఆ గంతలు కట్టారని చెప్పేవారుండరు. బిడ్డకు చూపు పోయిందేమోనని తల్లి కుమిలిపోతుంది.

బిడ్డ వున్న ఆసుపత్రికి చేరిన తల్లి పరిస్థితి కూడా మెరుగని చెప్పలేము. బిడ్డకు లోపల పడక వుంటుంది. తల్లిని అప్పటికే డిశ్చార్జి చేసి వుంటారు గనుక ఆమెకు మంచం వుండదు. పొట్టకు కుట్లు ఆరకముందే వరండాలో గచ్చు మీద చాప పరుచుకోవాలి. రొమ్ములలో పాలు గడ్డకట్టి జ్వరం వచ్చినా ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. ఒక తండాకు చెందిన తల్లి ఈ విలేకరితో మాట్లాడుతూ, "పన్నెండొద్దులు తలుపుకాడనే కూసున్న. సిస్టరమ్మ బయటికస్తె నా పానం పోయేది, ఏం చెప్తదో ఏమో అని. లోపల ఏం చేస్తుండ్రో అడిగేటందుకు నోరు రాకపోయె" అన్నది. ఇది ఆమె ఒక్కతె మాట కాదు.

ఇది చాలదన్నట్లు ఇంటివైపు నుంచి సూటిపోటి మాటలు. 'నెలలు నిండకముందే కన్నది', 'ఏం తిన్నదో, ఎక్కడ తిరిగిందో', 'పాలు పడని మనిషి' అంటారు. రక్తపోటు, రక్తహీనత, కవలలు, చిన్న వయసులో పెళ్ళి, కాన్పుకు కాన్పుకు ఎడం లేకపోవడం వంటివి ముందస్తు కాన్పుకు దారితీస్తాయి. చాలాసార్లు కారణమేమిటో వైద్యులకే అంతుపట్టదు. అటువంటప్పుడు తల్లిని దోషిగా నిలబెట్టడం ఏమి న్యాయం?

పాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బిడ్డ చీకితేనో, చేత్తో పిండితేనో పాలు వూరుతాయి. బిడ్డను దూరంగా వుంచి, పాలు పిండడం నేర్పకుండా, కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర లేకుండా చేసి 'పాలు పడలేదు' అనడం అన్యాయం. నెలలు నిండని బిడ్డ పేగులకు తల్లిపాలను మించిన మందు లేదు. బిడ్డకు చీకే శక్తి లేనప్పుడు రెండు మూడు గంటలకొకసారి శుభ్రమైన గిన్నెలోకి పిండి ఇస్తే నర్సులు గొట్టం ద్వారానో, చెంచాతోనో పట్టిస్తారు. తొలినాటి ముర్రుపాలు పారబోయరాదు. నిజంగా పాలు చాలని తల్లుల బిడ్డల కొరకు నీలోఫర్‌లో 2017లో 'ధాత్రి' పేరిట తల్లిపాల నిధిని నెలకొల్పారు. డబ్బాపాలకు అప్పు చేసే ముందు ఈ సంగతులన్నీ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

తల్లి లోపలికి వస్తే రోగక్రిములు వస్తాయన్నది కొందరి వాదన. ఈ వాదనకు అనుభవమే జవాబు చెప్పింది. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగోటాలో, పెట్టెలు చాలక, డాక్టర్ ఎడ్గర్ రే అనే వైద్యుడు బక్క పిల్లలను తల్లుల రొమ్ముపైనే చర్మానికి చర్మం తగిలేలా కట్టించాడు. కంగారూ జంతువు పిల్లను సంచిలో మోసినట్లున్నందున దీనికి 'కంగారూ సంరక్షణ' అని పేరు వచ్చింది. తల్లి వొంటి వేడే బిడ్డకు పెట్టె అయింది. తరువాత ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోను, ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రులలోను ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన జరిపించింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు చేర్చి, అదే గదిలో తల్లికీ మంచం వేశారు. 2021లో ఫలితాలు వెలువడినాయి. మామూలు పద్ధతితో పోల్చితే మరణాలు నాలుగో వంతు తగ్గినాయి. రోగక్రిములు సోకినట్లు అనుమానించిన కేసులు కూడా తల్లి దగ్గరున్న బిడ్డలలోనే తక్కువ. 2022లో ఆ సంస్థ ఈ పద్ధతినే అన్ని దేశాలకూ సిఫారసు చేసింది.

అంటే తల్లి ఆ గదికి చూడవచ్చే చుట్టం కాదు, వైద్యంలో సగం ఆమెదే. మన కేంద్ర ఆరోగ్యశాఖ సైతం 2017లోనే, నవజాత శిశు కేంద్రాలలోకి తల్లిదండ్రులను రానిచ్చి, చేతులు కడుక్కోవడం, పాలు పట్టడం, కంగారూ పద్ధతి నేర్పి, సంరక్షణలో భాగస్వాములను చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీది ఈ మాట ప్రతి ఆసుపత్రి తలుపు దాటి లోపలికి పోవాలి.

లోటు ఎక్కడున్నదో చూడండి. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, రవాణా ఉచితం. ఇది మంచి పథకం. కాని తల్లికి ఉచిత భోజనం సాధారణ కాన్పుకు 3 రోజులు, ఆపరేషనుకు 7 రోజులని పథకంలో రాశారు. బిడ్డ ఇరవై రోజులు లోపల వుంటే మిగతా రోజులు పాలిచ్చే తల్లి ఏమి తినాలి? కూలిపని మానుకుని వెంట వున్న భర్త హోటలు ఖర్చు ఎన్నాళ్ళు భరించగలడు?

కాబట్టి అధికారులను కోరేది పెద్ద కోరికలేమీ కావు. బిడ్డ లోపల వున్నన్నాళ్ళు తల్లికి మంచం, రెండు పూటల భోజనం, దగ్గరలో మరుగుదొడ్డి కల్పించాలి. రోజుకొకసారి డాక్టరు తల్లిని పిలిచి, ఆమెకు అర్థమయ్యే తెలుగులో, తండావాసులైతే వారి భాష తెలిసినవారి సాయంతో, బిడ్డ సంగతి చెప్పాలి. బిడ్డను వేరే వూరికి పంపేటప్పుడు తల్లి ఆరోగ్యం అనుకూలిస్తే ఆమెనూ వెంట పంపి, అక్కడే కుట్లకు వైద్యం చేయించాలి.

వూరివారు చేయవలసిన పనీ వున్నది. పురుడు, మైల అని తల్లినీ బిడ్డనూ విడదీయరాదు. తల్లి అలసినప్పుడు తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ కూడా బిడ్డను రొమ్ముకు కట్టుకోవచ్చు. ఇంటికి వచ్చిన తరువాత ఆశా కార్యకర్తను పిలిచి బరువు చూపించాలి. రెండు కిలోల లోపు, లేదా 34 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు నాలుగు వారాలకల్లా కంటిపరీక్ష తప్పనిసరి. మరీ చిన్న బిడ్డకు ఇంకా ముందే చేయించాలి. కంటి వెనుక పొర దెబ్బతింటే పైకి కనిపించదు, సమయం మించితే చూపు రాదు. డిశ్చార్జి చీటీ మీద ఆ తేదీ రాయించుకోవడం మరువరాదు.

నీలోఫర్ ఆసుపత్రికి ఆ పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. తన పరిచారిక ఒకామె ప్రసవంలో చనిపోవడం చూసి తల్లడిల్లిన నిజాం కోడలు నీలోఫర్ పూనికతో తల్లుల కొరకు, పిల్లల కొరకు ఆ ఆసుపత్రి 1953లో వెలిసింది. పెద్ద ఆసుపత్రి కట్టించడం అందరివల్ల అయ్యే పని కాదు. కాని వరండాలో వున్న బాలింతను లోపలికి పిలిచి ఒక మంచం వేయడానికి ఏ సంస్థానమూ అక్కరలేదు. సంబంధిత అధికారులు, ప్రజాప్రతినిధులు వెంటనే ఇందుకు పూనుకోవాలని ఈ ప్రాంత తల్లుల పక్షాన కోరుతున్నాము.