లేబుళ్లు వేయించే ముందు…

మా అన్నయ్య కొడుకు పచ్చళ్ల కంపెనీ పెడుతున్నాడు. మా వదిన పేరే ఖాయం చేసి, మూడు వేల లేబుళ్లు వేయించాక గానీ ఆడిటర్ దగ్గరికి వెళ్లలేదు. తీరా చూస్తే ఆ పేరుతో ఇప్పటికే ఓ కంపెనీ ఉంది!

‘‘స్పెల్లింగ్‌లో ఇంకో ‘ఏ’ కలిపితే సరిపోదా బాబాయ్?’’ అని ఫోన్. సరిపోదు. అక్షరం పెంచినా, బహువచనం చేసినా, ఊరి పేరు తగిలించినా, చివర డాట్ కామ్ పెట్టినా నిబంధనల ప్రకారం అది పాత పేరే.

వెతకడానికి పైసా ఖర్చు లేదు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడొచ్చు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు చిక్కు ట్రేడ్‌మార్క్‌తో! దాని సైటు వేరు. అక్కడ సరుకును బట్టి క్లాసులుంటాయి. పచ్చళ్లకు 29, మసాలాలకు 30... రెండూ చూడాలి. చూడకుండా కంపెనీ పెట్టేశామా, ఆ మార్కు సొంతదారు 3 ఏళ్లలోపు దరఖాస్తు చేసి మన పేరు మార్పించగలడు. అప్పటికి పేరు నలుగురి నోళ్లలో పడి ఉంటుంది కూడా.

తర్వాతే స్పైస్ ప్లస్ ఫారం. పార్ట్-ఏలో రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఫీజు రూ.1000. రెండూ కాదన్నా ఫీజు వెనక్కి రాదు. ఒప్పుకుంటే 20 రోజులు ఆ పేరు మనకోసం ఆపుతారు. ఆలోగా మిగతా కాగితాలు పెట్టాలి.

మావాడు ఇప్పుడు వాళ్ల నాయనమ్మ పేరు వెతుకుతున్నాడు. లేబుళ్ల ఊసు మాత్రం ఎత్తడం లేదు.