టీనేజ్ ఊబకాయం: ఇంజెక్షన్ దొరుకుతోంది.. దాని వెంట ఉండాల్సిన వైద్యం సంగతేంటి?

బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఇక పెద్ద నగరాల ముచ్చట మాత్రమే కాదు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన మార్కెట్లోకి వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మందుపై పేటెంట్ గడువు 2026 మార్చితో తీరిపోవడంతో దేశీయ కంపెనీలకూ దారి తెరుచుకుంది. మొదట్లో నెలకు రూ.17 వేలు దాటిన వెగోవీ ప్రారంభ డోసు ధర 2025 నవంబర్‌లోనే రూ.10,850కి దిగింది.

ధర దిగేకొద్దీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలోనూ ఒక ప్రశ్న వస్తుంది. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు ఈ ఇంజెక్షన్ వేయించొచ్చా?

పెద్దలకు వచ్చిన మందు అది

మన దేశంలో ఈ రెండు మందులూ విడుదలైంది పెద్దల కోసమే. అమెరికాలో మాత్రం 12 ఏళ్లు దాటిన పిల్లలకు వెగోవీ వాడేందుకు 2022 డిసెంబర్‌లో అనుమతి ఇచ్చారు. దానికి ఆధారమైన పరిశోధనలో 201 మంది టీనేజర్లు పాల్గొన్నారు. 68 వారాల తర్వాత మందు తీసుకున్నవాళ్ల బీఎంఐ సగటున 16.1 శాతం తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో దాదాపు మార్పు లేదు.

అంటే మందు పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇక్కడే ఒక విషయం మరిచిపోతున్నారు. ఆ పరిశోధనలో రెండు వర్గాల పిల్లలకూ తిండి, వ్యాయామంపై కౌన్సెలింగ్ నడుస్తూనే ఉంది. మందును ఒంటరిగా పరీక్షించలేదు.

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలూ అదే చెప్పాయి. ఊబకాయం ఉన్న 12 ఏళ్లు పైబడిన పిల్లలకు మందు ఇవ్వొచ్చు, కానీ జీవనశైలి చికిత్సకు తోడుగానే. ఆ చికిత్స అంటే "తక్కువ తిను, కాస్త నడువు" అని చీటీ మీద రాసి పంపడం కాదు. 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటల పాటు పిల్లలతో, తల్లిదండ్రులతో కూర్చుని చేయాల్సిన పని.

ఆ 26 గంటలు ఎక్కడ?

ఇచ్ఛాపురం నుంచి విశాఖకు 200 కిలోమీటర్లకు పైనే. కూలి పని, చిన్న ఉద్యోగం చేసుకునే కుటుంబం బిడ్డను తీసుకుని నెలకు రెండుసార్లు అంత దూరం వెళ్లి రావడం అయ్యే పని కాదు. మందు పార్శిల్‌లో వచ్చేస్తుంది. డైటీషియన్, కౌన్సెలర్, పిల్లల డాక్టర్ అలా రారు. అసలు లోటు ఇదే.

అయితే పునాది లేకపోలేదు. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. స్కూళ్లలో పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఫోన్‌లోనే డాక్టర్‌తో మాట్లాడే ఈ-సంజీవని ఉంది. వారానికి ఒక రోజు టీనేజ్ బరువు క్లినిక్ పెట్టి, మధ్యలో ఫాలోఅప్ ఫోన్‌లో చూసుకుంటే చాలా మందికి విశాఖ ప్రయాణం తప్పుతుంది.

ఒకే క్లాసులో రెండు సమస్యలు

2016-18 జాతీయ పోషకాహార సర్వే ప్రకారం దేశంలో 10-19 ఏళ్ల పిల్లల్లో 24 శాతం మంది ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు. 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. దాదాపు ప్రతి పది మందిలో ఒకరు షుగర్ అంచున ఉన్నారు. సన్నగా ఉన్నంత మాత్రాన షుగర్ ముప్పు లేనట్టు కాదన్నమాట.

అందుకే కంటితో చూసి "లావు", "బొద్దు" అని తేల్చకూడదు. పెద్దల బీఎంఐ లెక్క పిల్లలకు నేరుగా పనికిరాదు. వయసు, ఆడా మగా అన్నది బట్టి గ్రోత్ చార్ట్ చూడాలి. మెడ వెనుక నల్లటి మందపాటి చర్మం, నిద్రలో గట్టి గురక, ఆడపిల్లల్లో నెలసరి తప్పడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

ఉద్దానం వాళ్లు మరింత జాగ్రత్త

ఈ మందులతో వాంతులు, విరేచనాలు మామూలే. టీనేజర్ల పరిశోధనలో మందు తీసుకున్నవాళ్లలో 62 శాతం మందికి కడుపుకు సంబంధించిన ఇబ్బందులు వచ్చాయి. 4 శాతం మందికి పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. వాంతులు ఎక్కువై ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలపై భారం పడుతుంది. కిడ్నీ జబ్బులతో నలిగిన ఉద్దానంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కుటుంబాలు మందు మాట ఎత్తేముందే క్రియాటినిన్ పరీక్ష చేయించడం మంచిది.

ఇంకో సంగతి. మందు ఆపేస్తే బరువు మళ్లీ వస్తుంది. పెద్దలపై జరిగిన పరిశోధనలో ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. 15 ఏళ్ల పిల్లాడికి మొదలుపెడితే ఎన్నేళ్లు కొనగలం, ఆపినప్పుడు ఏం చేస్తాం అన్నది ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

ఇంట్లో మొదలయ్యేది

మందు వాడినా వాడకపోయినా ఈ భాగం తప్పదు. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఆరు చెంచాలు. ముందుగా ఇంట్లో ఆపాల్సింది అది. చోడి అంబలి, గంటి అంబలి మన ప్రాంతానికి కొత్త కాదు. బెల్లం గుమ్మరించకుండా ఉంటే చాలు. పిల్లాడికొక్కడికే పథ్యం పెట్టి మిగతావాళ్లు బజ్జీలు తింటే ఏ డైట్ ప్లానూ నిలబడదు.

5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లతో నిండిన ఇంటర్ టైమ్‌టేబుల్‌లో ఆ గంట ఎక్కడ? వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరిని ఒలింపిక్ పతకం దాకా పంపిన జిల్లా శ్రీకాకుళం. లిఫ్టర్ల ఊరుగా పేరున్న కొండవెలగాడ విజయనగరం జిల్లాలోనే ఉంది. ఒళ్లు వంచడం తెలియని ప్రాంతం కాదిది. పిల్లలకు లేనిది సమయమే.

ఒక్కటి మాత్రం ఖాయం. ఇంట్లో పెద్దవాళ్లకు రాసిన ఇంజెక్షన్‌ను పిల్లలకు వేయకూడదు. ఆన్‌లైన్‌లో చూసి కొనకూడదు. ప్రత్యేక నిపుణుడు చూసి, రక్త పరీక్షలు చేసి, వెంట ఉండి నడిపిస్తానంటేనే మందు గురించి ఆలోచించాలి. ఆ వెంట ఉండే ఏర్పాటును జిల్లా ఆసుపత్రుల్లో ఎప్పుడు మొదలుపెడతారన్నది వైద్య శాఖ చెప్పాలి.