జనసమ్మర్ద స్థలములయందు సోదాయు గణితమును

గణితము పరీక్షలో నుత్తీర్ణులగుటకే గాని లోకమునకు పనికిరాదని మన విద్యార్థులలో పలువురు తలంచుచుందురు. ఆ తలంపు సరికాదని చూపుటకు ఒక దృష్టాంతమును వ్రాయుచున్నాము.

విమానాశ్రయములు, రైలుస్టేషనులు మున్నగు జనసమ్మర్దముగల చోట్ల అన్ని ద్వారములయందును అన్ని వేళలను సోదా చేయుటకు చాలినంతమంది కావలివారుండరు. కావలి ప్రతిదినమును ఒకే చోట, ఒకే వేళ నుండెనేని, దుర్మార్గుడు కొన్నాళ్లు కనిపెట్టి, అది లేని వేళ చూచుకొని వచ్చును. ఈ చిక్కునకు అమెరికాలోని లాస్ ఏంజిలెస్ విమానాశ్రయమున 2007లో గణితముతో నుపాయము చేసిరి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్య మిలింద్ తాంబే గారును వారి శిష్యులును ఒక కంప్యూటరు పద్ధతిని నిర్మించిరి. ఒకడు ముందుగా ఎత్తు వేయగా, దానిని చూచి రెండవవాడు తన ఎత్తు వేయుటను గూర్చి జర్మను ఆర్థికశాస్త్రజ్ఞుడగు స్టాకెల్‌బర్గ్ 1934లో వివరించిన సిద్ధాంతమే దీనికి మూలము. ఏ దారిలో బండ్లను ఆపి చూడవలెనో, పోలీసు జాగిలములను ఏ భవనమునకు పంపవలెనో ఆ యంత్రము చీట్లు వేసినట్లు నిర్ణయించును. అయితే ముఖ్యస్థలముల పేర ఎక్కువ చీట్లుండును. కావున శత్రువు ఎంత కనిపెట్టినను రేపటి కావలి యెచ్చటనో చెప్పజాలడు.

ఈ పద్ధతి మెచ్చదగినదని మా యభిప్రాయము. ఏలయన, చీటికి కులమును, మతమును, వేషమును తెలియవు.

కాని స్థలములను గాక మనుష్యులనే యంత్రముచేత ఏరించునప్పుడు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. లక్షమంది ప్రయాణికులలో పదిమంది దోషులున్నారనియు, యంత్రము నూటికి 99 సారులు సరిగా చెప్పుననియు అనుకొందము. అది ఆ పదిమందిని ఇంచుమించుగా పట్టుకొనును. కాని మిగిలిన 99,990 మందిలో నూటికొకరి చొప్పున సుమారు 1,000 మంది నిర్దోషులను కూడ ఆపును. అనగా ఆపబడిన ప్రతి నూరుగురిలో దోషి యొక్కడే! కావున సోదా చేయువాడు తన యెదుటనున్నవాడు నిర్దోషియే కావచ్చునని తలంచి మర్యాదగా మాటలాడవలెను. సోదా మానవలెనని మేము చెప్పుటలేదు; అవమానము మానవలెనని చెప్పుచున్నాము.

తరగతిలో నొక కలము పోయినప్పుడు చిరిగిన చొక్కా తొడిగిన బాలుని సంచినే మొదట వెదకుట మనలోను కలదు. ఉపాధ్యాయులమగు మేమును ఈ దోషమునకు వెలియైనవారము కాము. ఇకమీదట అట్టి సమయమున బాలురును పెద్దలును ఈ లెక్కను ఒక్కసారి మనస్సున వేసికొందురుగాక.